ఊరంతటినీ సింగిల్ పరుపుల మీద పడుకోబెట్టినాయన

పరుపులాయన జీవితంలో మొట్టమొదటి విజయం, పట్టపగలు తన గురువు చేత గురక పెట్టించడం.

ఇదీ ఒక విజయమేనా అని కొత్తవాళ్ళకు అనిపించవచ్చు. ఆ గురువును ఎరిగినవాళ్ళు అలా అనరు. ఆయన వీపుకు కళ్ళున్నాయని చెప్పుకునేవారు. శిష్యుడు కుట్టిన పరుపు మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, "ఎడం భుజం కింద గింజ ఉంది," అనేవాడు. విప్పి చూస్తే ఒకే ఒక్క పత్తిగింజ ఉండేది. "నడుం దగ్గర దూది ఉండకట్టింది," అనేవాడు. విప్పితే కట్టే ఉండేది. మనవాడు మొదటి పరుపు కుట్టి ముందు పెట్టిన రోజున ఆయన దాని మీద అలా వాలి, ఇలా లేచి, బ్లేడుతో నిలువునా చీరేసి, "గొడ్డుకు వేసినా లేచి నిలబడుతుంది," అన్నాడు. తర్వాతి పరుపుకూ అదే గతి పట్టింది. ఆ తర్వాతి దానికి మనవాడు అన్నం మానేసి ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, దూది మొత్తం మళ్ళీ ఏకి ఇంకొకటి కుట్టాడు. గురువు దాని మీద పడుకుని ఏమీ అనలేదు. మనవాడు దబ్బనం చేత్తో పట్టుకుని, గోడకు అంటుకుపోయి, తిట్టు కోసం చూస్తున్నాడు. తిట్టు రాలేదు, గురక వచ్చింది. గురువు సాయంత్రం ఎప్పుడో లేచి, "టీ తెప్పించు," అన్నాడు. ఆ వృత్తిలో పట్టా ఇవ్వడమంటే అదే.

ఆ తర్వాత ఆయన సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. స్టేషను విశ్రాంతి గదులకు పరుపులు కుట్టింది ఆయనే. నడుము పట్టేసి, ఎదుటికి వచ్చినవాడి మీదల్లా విరుచుకుపడే జడ్జిగారికి, కింద కొబ్బరిపీచు, పైన దూది పరిచి పరుపు కుట్టి ఇచ్చిందీ ఆయనే. ఆ నెల నుంచి శిక్షలు కూడా కాస్త మెత్తబడ్డాయని కోర్టు గుమాస్తాలు అనుకున్నారు. ఎదురు వరసలో అద్దాల తలుపులతో స్పాంజి పరుపుల షోరూము వెలిసినప్పుడు, ఇక ఈయన దుకాణం కట్టేసినట్టే అన్నారు. ఏడాది తిరక్కుండా ఆ షోరూము యజమానే వెనక గుమ్మంలోంచి వచ్చి, "మా ఇంటికొకటి కుట్టి పెట్టండి, ఎవరికీ చెప్పకండి," అన్నాడు. పరుపులాయన ఎవరికీ చెప్పలేదు. అయినా అందరికీ తెలిసిందంటే అది వేరే సంగతి.

అయితే ఆయన చేతిపనిలోకెల్లా గొప్పది అమ్మకానికి కాదు. అది తన పెళ్ళికి ముందు వారం కూర్చుని కుట్టుకున్న డబుల్ పరుపు. లోపల బూరుగు దూది, పైన నీలం చారల గుడ్డ, అంచున రెండు వరసల కుట్టు. పెళ్ళికూతురు మొదటిసారి దాన్ని చూసి, "ఇంత పెద్దదా! దీంట్లో మనిద్దరం తప్పిపోతామేమో," అంది. "పోతే వెతుక్కుందాం," అన్నాడు మనవాడు. ఆ మాట గది బయట నిలబడ్డ ఆయన అత్తగారి చెవినపడి, మర్నాటికల్లా వీధంతా తిరిగి వచ్చింది.

కింద దుకాణం, పైన రెండు గదుల కాపురం. దుకాణంలో మెట్ల కింద దూది ఏకే మిషన్, గోడ వారన దూది మూటలు, మధ్య గచ్చు మీద కుట్టుపని. మిషన్ తిరిగితే మూలల్లో సాలెగూళ్ళు కూడా తెల్లగా బొద్దుగా తయారవుతాయి. పైన ముందు గది దంపతులది, వెనక గది అత్తగారిది. దంపతుల ఒక్కగానొక్క కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈ ఇంట్లో నవ్వు వినపడని పూట లేదని చుట్టుపక్కలవాళ్ళు అసూయపడేవారు.

అలాంటి ఇంటికి పెద్దజ్వరం వచ్చింది.

ఆ జ్వరం గురించి ఎక్కువ చెప్పుకోవడం మంచిది కాదు. ఆసుపత్రి వెనక మైదానంలో డేరాలు వేశారు. లోపలికి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. పరుపులాయన వచ్చాడు. ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, బస్సు కండక్టరు, వాడూ వచ్చాడు. బడి డ్రిల్లు మాస్టారు వచ్చాడు. సెలూనాయన వచ్చాడు. బతికి బయటపడ్డవాళ్ళను గేటు దగ్గర నిలబెట్టి చప్పట్లు కొట్టారు. భార్య రోడ్డుకు అవతల నిలబడి, "చిక్కిపోయావయ్యా," అంది. "దూది తీసేశారు, గుడ్డ మిగిలింది," అన్నాడు ఆయన. ఇది ఆయన విజయాలన్నిట్లోకీ పెద్దది. ఇందులో ఎవరికీ రెండో మాట లేదు.

వచ్చేముందు డాక్టరు మగవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి ఒక మాట చెప్పాడు. "జ్వరం రక్తంలోంచి పోయింది. వీర్యంలో మాత్రం ఆ వైరస్ ఇంకా కొన్నాళ్ళు దాక్కుని ఉండొచ్చు. పరీక్షలో వరసగా రెండుసార్లు లేదని తేలేదాకా ఆలుమగలు దూరంగా ఉండాలి, లేదంటే తప్పకుండా తొడుగు వాడాలి." దూరంగానే ఉంటానని పరుపులాయన మాట ఇచ్చాడు, మాట మీద నిలబడ్డాడు. దుకాణంలో దూది మూటల మధ్య చాప వేసుకున్నాడు. నెలలు గడిచాయి. ఒక్కొక్కరే పరీక్షలు నెగ్గుతూ వచ్చారు. కండక్టరు నెగ్గిన మర్నాడు మొదటి బస్సు గంట ఆలస్యంగా కదిలింది. ప్రయాణికులు ఎవరూ కారణం అడగలేదు.

పరుపులాయన కూడా నెగ్గాడు. "ఇక నీకు అడ్డేం లేదు, సంతోషంగా ఇంటికి వెళ్ళు," అన్నాడు డాక్టరు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. దుకాణంలో ఒంటరిగా పడుకున్న ఆ నెలల్లో ఆయనకు ఒక సంగతి తెలిసిపోయింది. జ్వరానికి ముందు తెల్లారేసరికి ఒంట్లో కనిపించే మగతనపు కదలిక, జ్వరం తర్వాత ఒక్కనాడూ కనిపించలేదు. భార్యను తలుచుకున్నా లేదు, పాత రోజులు తలుచుకున్నా లేదు. నిషేధం ఉన్నన్నాళ్ళూ దానితో పనిపడలేదు కాబట్టి భయపడలేదు. ఇప్పుడు నిషేధం తీసేశారు. దారంతా కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచాడు.

గుమ్మంలో భార్య ఎదురొచ్చింది. తల దువ్వుకుని ఉంది. "ఏమన్నారు?"

"ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు," అంది ఆయన నోరు. ఆయన ఆ నోటిని ఆపేలోపే అనేసింది.

అబద్ధం ఆడటం ఆయనకు రాదు. అందుకే నిజం చెప్పుకుందామని తర్వాత రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాడు. మొదటిసారి డాక్టరు, "చెప్పండి, ఏమిటి ఇబ్బంది?" అని అడిగాడు. పరుపులాయన గొంతు సవరించుకున్నాడు, కుర్చీలో సర్దుకున్నాడు, తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నాడు, "మోకాళ్ళు," అన్నాడు. మోకాళ్ళకు పూతమందు ఇచ్చారు. రెండోసారి మనసు బాగా గట్టి చేసుకుని వెళ్ళాడు. అదే కుర్చీ, అదే ప్రశ్న. "కళ్ళు," అన్నాడు. కళ్ళలో వేసుకునే చుక్కలు ఇచ్చారు. అదీ ఇదీ అబద్ధమేమీ కాదు. ఆ జ్వరం పోయాక కీళ్ళ నొప్పులు, కళ్ళ మసకలు చాలామందికి పట్టుకున్నాయి. కాకపోతే ఆయన వెళ్ళింది వాటికోసం కాదు.

"మోకాళ్ళకు మందిచ్చారు, కళ్ళకు మందిచ్చారు," అంది భార్య, చుక్కల సీసా వెలుతురుకు పెట్టి చూస్తూ. "అసలుదాన్ని మాత్రం అలాగే ఉంచారా? ఆ డాక్టరు చదివే పాసయ్యాడా?"

"పెద్దవాళ్ళను అలా అనకూడదు."

"పెద్దవాడేంటి, మీసం కూడా సరిగా రాలేదు!"

వానలు పట్టాయి. ఒకనాడు మధ్యాహ్నం దుకాణంలో ఆవిడ దిండ్లకు అంచులు కుడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "మా తమ్ముడికి పోయింది. డ్రిల్లు మాస్టారికి పోయింది. ఆ సెలూనాయనకు కూడా పోయిందట. నీ ఒక్కడికే ఎందుకు పోలేదయ్యా?"

పరుపులాయనకు చెమట పట్టింది. చేతికి దొరికింది దూది. "ఇటు రా. ఈ మూట మీద చెయ్యి పెట్టు. ఎలా ఉంది?"

"పొడిగానే ఉంది."

"ఇప్పుడు లోపలికి తొయ్యి. ఇంకా లోపలికి. ఏం తగిలింది?"

"చెమ్మ."

"అదీ! వాళ్ళందరికీ పైపైన పోయింది. వానాకాలంలో లోపలి చెమ్మ మళ్ళీ పైకి లేస్తుంది. నన్ను మాత్రం లోతుగా చూశారు కాబట్టి తెలిసింది."

ఒక అబద్ధానికి ఇంత చక్కని ఉపమానం అవసరం లేదు. ఇంకెవరన్నా చెప్పి ఉంటే ఆవిడ నవ్వేసేది. చెప్పింది పరుపులాయన, చెప్పింది దూది గురించి. దూది విషయంలో ఆయన మాటకు తిరుగులేదని ఊరికంతటికీ తెలుసు. ఎన్నో ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు ఇప్పుడు పీకకు చుట్టుకుంది. ఆవిడ నమ్మింది. నమ్మి, తమ్ముడి కాపురం ఏమైపోతుందోనని కంగారుపడి, గొడుగు వేసుకుని మరదలి దగ్గరికి పరుగెత్తింది. మరదలు తన స్నేహితురాలైన డ్రిల్లు మాస్టారి భార్యకు చెప్పింది. ఆ పైన ఎవరు ఎవరికి చెప్పారో చెప్పలేం.

వారం తిరక్కుండా కండక్టరు డ్యూటీ బట్టల్లోనే దుకాణానికి వచ్చాడు.

"బావా, ఒక సింగిల్ పరుపు కావాలి."

"ఎవరికిరా?"

"నాకే."

"మీకు డబుల్‌ది నేనే కుట్టి ఇచ్చానుగా?"

"ఉంది. దాని మీద మీ చెల్లెలు ఒక్కతే కాళ్ళు బారజాపుకుని పడుకుంటోంది. నాకు లోపల చెమ్మ ఉందట బావా! వానలు తగ్గేదాకా వరండాలో పడుకోమంది. 'డాక్టరు పోయిందన్నాడే,' అంటే, 'డాక్టరుకు దూది గురించి ఏం తెలుసు,' అంటోంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళందరికీ సీట్లు చూపించేవాణ్ణి, నా ఇంట్లో నాకు సీటు లేకుండా పోయింది."

పరుపులాయన వంగి కొలబద్ద వెతుక్కున్నాడు. అది చేతిలోనే ఉంది.

బడి వదిలాక డ్రిల్లు మాస్టారు వచ్చాడు. నిటారుగా నిలబడి, గోడ వంక చూస్తూ చెప్పాడు. "నడుము నొప్పయ్యా. నేల మీద పడుకోమన్నారు."

"నేల మీద పడుకోడానికి పరుపెందుకు మాస్టారూ?"

"సింగిల్‌ది కుట్టవయ్యా! ప్రశ్నలెందుకు?"

సెలూనాయన మాత్రం ఈల వేసుకుంటూ వచ్చాడు. గులాబీరంగు గుడ్డ ఎంచుకున్నాడు. "నిదానంగా కుట్టు, తొందరేం లేదు. వానలు ఇంకా చాలా కురవాలి," అన్నాడు. ఆయన ఉత్సాహం పరుపులాయనకు అర్థం కాలేదు.

ఆ తర్వాత తెలియని ముఖాలు వచ్చాయి. జ్వరమే రానివాళ్ళ భార్యలు కూడా కొందరు ముందుజాగ్రత్త పేరు చెప్పి, దొరికిన అవకాశాన్ని వాడుకున్నారని వినికిడి. ఎదురు షోరూములో డబుల్ పరుపులు దుమ్ము పట్టాయి. ఆ వానాకాలంలో మనవాడు కుట్టినన్ని సింగిల్ పరుపులు ఆ వృత్తిలో ఇంకెవరూ కుట్టి ఉండరు. దీన్ని విజయాల్లో కలపాలో వద్దో ఆయనకే తేలలేదు. దబ్బనం దింపినప్పుడల్లా ఎవరిదో ఒక కాపురం గుచ్చుకున్నట్టు ఉండేది. ఒక్కడంటే ఒక్కడు వచ్చి గట్టిగా నిలదీస్తే నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఎవరూ నిలదీయలేదు. అందరూ కొలతలు చెప్పి వెళ్ళారు.

నిలదీసింది భార్యే. అదీ మాటలతో కాదు. ఒక ఆదివారం పొద్దున తల్లిని సాయం పట్టుకుని, పెళ్ళినాటి డబుల్ పరుపును చుట్టచుట్టి మెట్ల మీదుగా కిందికి దింపింది. గచ్చు మీద పరిచింది. పెద్ద కత్తెర తీసి ఆయన ముందు పెట్టింది. అత్తగారు మెట్ల మీద కూర్చుండిపోయింది.

"దీన్ని మధ్యకు కోసి రెండు చెయ్యి."

"ఏంటే?"

"ఊళ్ళో అందరికీ కుట్టావు కదా, మనకు మాత్రం ఎందుకు వద్దు? నా సగం అమ్మ గదిలో వేసుకుంటాను. నీ సగం నీ ఇష్టం."

"వానలు తగ్గేదాకా ఆగలేవా?"

"వానలకేం, తగ్గుతాయి. ఏమయ్యా, నేను పిచ్చిదానిలా కనపడుతున్నానా? చెమ్మ ఒంట్లో ఉంటే ఉంటుంది. పక్కన కూర్చుంటే అంటుకోదుగా? నేను అన్నం పెడుతుంటే కంచం వంక చూస్తావు. నేను గదిలోకి వస్తే నువ్వు బయటికి వెళతావు. ఆ డేరాల బయట రోడ్డు మీద నిలబడ్డన్నాళ్ళూ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదయ్యా నేను. వస్తావనుకున్నాను. వచ్చావు గానీ నా దగ్గరికి రాలేదు. నామీద మనసు విరిగింది, ఆ మాట చెప్పలేక చెమ్మ అంటున్నావు. కొయ్యి."

పరుపులాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కత్తెర తీసుకున్నాడు. గుడ్డ చారలు సరిగ్గా మధ్యకు ఎక్కడున్నాయో ఆయనకు చూడకుండానే తెలుసు. అంచు పట్టుకున్నాడు. పెళ్ళికి ముందు వారం వేసిన రెండు వరసల కుట్టు, ఒక్క పోగు వదులు కాలేదు. కత్తెర నోరు తెరిచింది, మూయలేదు.

"చెమ్మ లేదు," అన్నాడు.

"ఏం లేదు?"

"ఎప్పుడో పోయింది. రెండుసార్లూ చూసి లేదన్నారు."

ఆవిడ వంగి ఆయన చేతిలోని కత్తెర తీసుకుంది. తీసుకుని దూరంగా పెట్టలేదు, చేతిలోనే ఉంచుకుంది. మెట్ల మీద అత్తగారు కాస్త ముందుకు జరిగింది.

"మరైతే?"

"నా అంగం పనిచెయ్యడం లేదే," అన్నాడు, గచ్చుకు చెబుతున్నట్టు. "జ్వరం వచ్చిపోయాక ఒక్కనాడు కూడా లేదు. నీ దగ్గరికి వచ్చాక తెలిసిపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? డాక్టరుకు చెబుదామని పోతే మోకాళ్ళని చెప్పి వచ్చాను. మళ్ళీ పోతే కళ్ళని చెప్పి వచ్చాను. ఈసారి పళ్ళని చెప్పేవాణ్ణేమో."

ఆవిడ కత్తెర కింద పెట్టింది. తర్వాత పరుపు మీద ఆయనకు ఎదురుగా కూలబడింది.

"అంతేనా?"

"అంతేనా అంటావేంటే! ఇంతకంటే ఏం కావాలి?"

"ఇంకెవత్తినో తగులుకున్నావనుకున్నానయ్యా."

"ఈ మోకాళ్ళతోనా?"

ముందు మెట్ల మీద నుంచి నవ్వు వచ్చింది. తర్వాత ఆవిడ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆయన నవ్వాలో వద్దో తెలియక కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఆగాగు. చెమ్మ లేకపోతే మా తమ్ముడు వరండాలో ఎందుకు పడుకుంటున్నాడు?"

పరుపులాయన గుడ్డ చారలు లెక్కపెట్టసాగాడు.

"డ్రిల్లు మాస్టారు? ఆ సెలూనాయన? ఆ వీధి చివరాయన? ఓరి నీ ఇల్లు బంగారం కాను! ఒక్క మాట దాచడానికి ఊరందరి మంచాలూ విరగ్గొట్టావా?"

"ముందు నా కొడుకు సంగతి చూడు అల్లుడూ," అంది అత్తగారు. "వాడి మీద జల్లు పడుతోంది."

శిక్ష భార్యే వేసింది. అందరినీ పిలిచి తన నోటితోనే చెప్పాలి. ఆ సాయంత్రమే పిలిచారు. మిషన్ కట్టేసి, తలుపు ఓరగా వేసి, దూది మూటల మీద కూర్చోబెట్టారు. కండక్టరు, డ్రిల్లు మాస్టారు, సెలూనాయన, ఇంకా కొందరు జ్వరం తగ్గినవాళ్ళు. మనవాడు కుట్టని పరుపు మీద పడుకునేవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. ఆయన లేచి నిలబడి మొత్తం చెప్పాడు. ముందు అబద్ధం, ఆ తర్వాత దాని వెనక ఉన్న కారణం. ఈసారి మోకాళ్ళ ఊసు ఎత్తలేదు.

ముందు పేలింది కండక్టరు. "బావా! నీకు బాగాలేకపోతే నువ్వు పడుకో దూది మీద! నన్నెందుకయ్యా దోమలకు అప్పజెప్పావు? మీ చెల్లెలి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను తెలుసా!"

"తిట్టరా, ఎంత తిట్టినా నాకు తక్కువే," అన్నాడు పరుపులాయన.

సెలూనాయన దగ్గాడు. "ఎందుకు తిట్టడం? ఆయన ఏదో మంచికే చెప్పాడు. నన్నడిగితే ఈ చెమ్మ ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నష్టమేంటి?"

"నష్టమేంటా?" అన్నాడు కండక్టరు.

సెలూనాయన తన గోళ్ళు చూసుకున్నాడు. "నాకూ అలాగే ఉంది. ఆయనకున్నట్టే. ఈ చెమ్మ మాట వినగానే దేవుడే పంపాడనుకున్నాను."

డ్రిల్లు మాస్టారు నిటారుగా కూర్చున్నవాడు కాస్తా భుజాలు దింపేశాడు. "నా నడుముకు కూడా ఏ నొప్పీ లేదు," అన్నాడు మెల్లగా. మూలనున్నవాళ్ళలో ఒకరు తల ఊపారు. ఇంకొకరు చెప్పులు సర్దుకున్నారు. కండక్టరు ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చాడు.

"అంటే ఇంతమందిలో బాగున్నది నేనొక్కణ్ణేనా? బాగున్నవాణ్ణే వరండాలో పడుకోబెట్టారా?"

అప్పుడు లేచిన నవ్వుకు మూలల్లోని తెల్ల సాలెగూళ్ళు కూడా ఊగాయి. నవ్వులు ఆగేసరికి తలుపు తోసుకుని నర్సమ్మ లోపలికి వచ్చింది. జ్వరం తగ్గినవాళ్ళ బాగోగులు చూడటానికి ఇంటింటికీ తిరిగే మనిషి ఆవిడ. పిలిచింది పరుపులాయన భార్యే. మగవాళ్ళంతా ఒక్కసారిగా కళ్ళు నలుపుకోవడం మొదలుపెట్టారు.

"ఎవరికీ కళ్ళ నొప్పులు వద్దు," అంది నర్సమ్మ, ఒక మూట మీద కూర్చుంటూ. "నేను అంతా విన్నాను. ఇది మీలో ఒకరికో ఇద్దరికో వచ్చింది కాదు. ఈ జ్వరం తగ్గిన మగవాళ్ళలో ఎందరికో వస్తోంది. కొందరికి ఒళ్ళు నీరసం వల్ల, కొందరికి నొప్పుల వల్ల, కొందరికి దిగులు వల్ల. ఎందువల్లో చూసి మందివ్వాలి. నగరంలో పెద్దాసుపత్రిలో దీనికోసమే ఒక గది తెరిచారు. లోపల డాక్టరు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కూర్చుంటున్నారు. ఒక్కడు రాడు. పక్కన కళ్ళ డాక్టరు గది ముందు మాత్రం మగవాళ్ళు బారులు తీరి ఉంటున్నారు."

డ్రిల్లు మాస్టారి చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అందులో చుక్కల సీసా ఉంది.

"సంతలో అమ్మే పొడులూ లేహ్యాలూ మింగకండి. గుండె మీదికి వస్తుంది. ఇక్కణ్ణుంచి ముందు ఎవరు వెళతారు?"

సెలూనాయనకు ఆ నెలంతా తీరిక లేదట. డ్రిల్లు మాస్టారికి బడిలో పోటీలట. పరుపులాయన నోరు విప్పేలోపే మెట్ల మీద నుంచి భార్య గొంతు వినిపించింది. "మేమిద్దరం వెళతాం."

"నువ్వెందుకే?"

"నువ్వు ఒక్కడివీ పోతే పంటి నొప్పికి మందు తెచ్చుకుంటావు."

మర్నాటినుంచి ఊళ్ళో సింగిల్ పరుపులు చుట్టలు చుట్టుకుని అటకలెక్కాయి. కండక్టరు బస్సు మళ్ళీ ఆలస్యంగా కదలసాగింది. పరుపులాయన దంపతులు అదే బస్సులో నగరానికి బయల్దేరారు. టికెట్టు కొట్టేటప్పుడు కండక్టరు, "నీ సీటు నీకు దొరకాలి బావా," అన్నాడు. కోపం పూర్తిగా పోలేదు గానీ కిటికీ పక్క సీటు ఖాళీ చేయించి ఇచ్చాడు.

పెద్దాసుపత్రిలో ఆ గది ముందు బల్ల ఖాళీగా ఉంది. లోపల ఉన్నది ఆడ డాక్టరు. పరుపులాయన వెనక్కి తిరిగాడు. భార్య గుమ్మానికి అడ్డం నిలబడి ఉంది. "చెప్పండి, ఏమిటి ఇబ్బంది?" అంది డాక్టరమ్మ. ఆయన ఊపిరి పీల్చుకుని, పక్కగది ముందు కళ్ళ కోసం కూర్చున్నవాళ్ళందరికీ వినపడేంత గట్టిగా చెప్పేశాడు. ఆ గదిలోకి నడిచివచ్చి, ఆ మాట ఆ పేరుతోనే చెప్పిన మొదటి మగవాడు మనవాడేనని డాక్టరమ్మే అందట. జడ్జిగారి పరుపు, స్టేషను పరుపులు, పెద్దజ్వరం, అన్నిటి సరసనా దీన్ని కూడా నిలబెట్టవచ్చు. ఆ రోజు మధ్యాహ్నానికి కళ్ళ గది ముందు బారు సగానికి సగం ఇటు జరిగిందని కూడా విన్నాం.

రక్తం తీశారు, బరువు చూశారు, గుండె చూశారు, దంపతులిద్దరినీ కూర్చోబెట్టి గంటలకొద్దీ మాట్లాడారు. మందు ఇచ్చి, కొన్నాళ్ళు దగ్గర్లోనే ఉండి మళ్ళీ కనిపించమన్నారు. ఆసుపత్రి వెనక ఒక లాడ్జిలో దిగారు. నవంబరు తొమ్మిదిన వచ్చేస్తామని అత్తగారికి ఫోను వచ్చింది. ఆవిడ ఆ తారీకు అందరికీ చెప్పింది. సెలూనాయన ప్రతిరోజూ గెడ్డాలు గీయడం మధ్యలో ఆపి మరీ వచ్చి, "ఏమన్నా తెలిసిందా పిన్నీ?" అని అడిగి పోయేవాడు. డ్రిల్లు మాస్టారు అడిగేవాడు కాదు. దుకాణం ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచి వెళ్ళేవాడు.

నిన్న పొద్దున మళ్ళీ ఫోను వచ్చింది. సెలూనాయన చేతిలో కత్తితోనే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, మేము తొమ్మిదిన రావడం లేదు. ఇంకో వారం ఉంటాం."

అత్తగారు ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "ఏమే, మందు పడలేదా?"

"బాగానే పడిందమ్మా."

"మళ్ళీ చూడాలన్నారా?"

"చూశారు. ఇక పొమ్మన్నారు."

"మరి ఇంకా అక్కడేం పని?"

అవతల నుంచి నవ్వు వినిపించింది. ఒకరిది కాదు, ఇద్దరిదీ.

"గది బాగుందమ్మా," అంది కూతురు. "పరుపు ఒక్కటే బాగాలేకపోతే ఈయన విప్పి మళ్ళీ కుట్టాడు."

అత్తగారు ఫోను పెట్టేసి, కొంగుతో మూతి తుడుచుకుని, సెలూనాయన వంక చూసి తల ఊపింది. సాయంత్రం బస్సుకు సెలూనాయనా, డ్రిల్లు మాస్టారూ ఒకే సీటులో పక్కపక్కనే కూర్చుని నగరానికి వెళ్ళారు. ఎక్కడికని కండక్టరు అడగలేదు.

దుకాణానికి తాళం వేసి ఉంది. పరుపులాయన వచ్చేది నవంబరు పదహారు, సోమవారం.